బిడ్డ పుట్టాక అమ్మ షుగరు ఎవరికి పట్టింది?

"స్వీట్లు బాగా తిన్నారా అమ్మా?"

ఇరవయ్యారో వారంలో నాకు షుగరు ఉందని తేలిన రోజు డాక్టరుగారు నవ్వుతూ అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఆవిడ మంచి డాక్టరే. ఆ మాటలో దురుద్దేశమూ లేదు. కానీ ఆ ప్రశ్న ఆ గదిలోనే ఆగలేదు. ఇంటికొచ్చేసరికి అత్తగారి నోట "పొద్దస్తమానం ఆ పుస్తకాల ముందు కూర్చుంటే రాదూ మరి" అయింది. ఫోన్లో అమ్మ గొంతులో "మన వైపు ఎవరికీ లేదే" అయింది. పెద్దమ్మ మాటల్లో "ముప్ఫై దాటేదాకా పిహెచ్.డి. అంటూ కూర్చుంటే ఇట్లాగే ఉంటుంది" అయింది. అంతకు నెల ముందు, అయిదో నెలలో, ఇదే మనుషులు నా ఒళ్ళో చలిమిడి పెట్టారు. సూడిదలని చెప్పి అయిదు రకాల మిఠాయిలు తెచ్చారు. "నీ కోసం కాదు, కడుపులో వాడి కోసం తిను" అని కొసరి కొసరి తినిపించారు. షుగరు అనే మాట వినిపించగానే తినిపించిన చేతులన్నీ పక్కకు తప్పుకున్నాయి. తిన్న నోరు ఒక్కటే బోనులో మిగిలింది.

నేను చదువుకున్నది సాహిత్యం. ఒక మామూలు వాక్యంలో నేరారోపణ ఎక్కడ దాక్కుని ఉంటుందో వెతకడమే నా పని. కాబట్టి ముందుగా ఈ ప్రశ్ననే విప్పి చూద్దాం. అందులో మూడు నమ్మకాలున్నాయి. గర్భిణీ మధుమేహం తిండి వల్ల వస్తుందన్నది మొదటిది. తిండి అనేది ఆ స్త్రీ ఇష్టానుసారం జరిగే పని అన్నది రెండోది. ఈ జబ్బులో బాధితుడు లోపలి బిడ్డ, నిందితురాలు బయటి తల్లి అన్నది మూడోది. ఈ మూడూ తప్పే.

మొదటి నమ్మకం సంగతి. బిడ్డను గర్భాశయానికి అంటిపెట్టి పోషించే అవయవాన్ని మన ఇళ్ళల్లో 'మాయ' అంటారు. ఈ జబ్బు కథ మొదలయ్యేది అక్కడే. నెలలు నిండేకొద్దీ మాయ నుంచి వెలువడే హార్మోన్లు తల్లి శరీరంలో ఇన్సులిన్ ప్రభావాన్ని మొద్దుబారుస్తాయి. బిడ్డకు అందడానికి వీలుగా తల్లి రక్తంలో గ్లూకోజు మరికాస్త సేపు నిలవాలి కనుక శరీరం చేసుకున్న ఏర్పాటు ఇది. ప్రతి గర్భిణిలోనూ జరుగుతుంది. దీన్ని తట్టుకోవడానికి తల్లి క్లోమం అదనంగా ఇన్సులిన్ తయారుచేయాలి. చాలామందిలో చేయగలుగుతుంది. చేయలేని చోట రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఎందుకు చేయలేదన్నదానికి వంశం, వయసు, బరువు, అంతకు ముందు ఉన్న పీసీఓఎస్ లాంటి సమస్యలు, ఆ స్త్రీ తన బాల్యంలో తిన్న, తినని తిండి... ఇన్ని కారణాలున్నాయి. తిండికి పాత్ర లేదని నేననడం లేదు. వయసు గురించి పెద్దమ్మ అన్నదాంట్లోనూ కొంత నిజముంది. కానీ నిన్న తిన్న లడ్డూ వల్ల ఇవాళ వచ్చే జబ్బు కాదిది. బిడ్డను సాకే పనిలో భాగంగా శరీరం మీద పడ్డ అదనపు బరువు. ఆ బరువు మోస్తున్న మనిషిని పట్టుకుని 'ఏం తిన్నావు' అనడం ఏం న్యాయం?

బిడ్డ సంగతికొస్తే, భయం లేదని చెప్పి ఎవర్నీ మభ్యపెట్టను. తల్లి రక్తంలోని గ్లూకోజు మాయను దాటి బిడ్డకు చేరుతుంది. తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. చేరిన అదనపు చక్కెరను సర్దుకోవడానికి బిడ్డ క్లోమమే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. దాంతో బిడ్డ ఒంట్లో కొవ్వు పేరుకుంటుంది. డెన్మార్క్ వైద్యుడు యోర్గెన్ పెడర్సన్ 1950లలోనే చెప్పిన సూత్రం ఇది. బిడ్డ బాగా పెద్దదైతే కాన్పులో భుజాలు ఇరుక్కోవచ్చు, తల్లికి చీలికలు పడొచ్చు. బొడ్డు కోసిన క్షణం నుంచి తల్లి దగ్గర్నుంచి వచ్చే చక్కెర ఆగిపోతుంది. కానీ బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ ఆ వేగంతో తగ్గదు. అందుకే పుట్టిన మొదటి గంటల్లో బిడ్డ చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఊపిరి తీసుకోవడంలో ఇబ్బంది, కామెర్లు కూడా ఈ పిల్లల్లో ఎక్కువ. మొదటి గంటలోనే పాలు పట్టడం, మడమ దగ్గర చిన్నగా గుచ్చి చక్కెర చూస్తూ ఉండడం వల్ల చాలావరకు ఈ గండం గట్టెక్కుతుంది.

నా కూతురికి పుట్టిన రెండు గంటలకు చక్కెర 38కి పడిపోయింది. ఎత్తుకుని వేరే వార్డుకి తీసుకుపోయారు. ఎందుకని అడిగితే "తల్లికి షుగరు కదమ్మా" అన్నారు. వివరం అంతే. కుట్ల నొప్పితో పడుకుని పై కప్పు కేసి చూస్తూ ఆ రాత్రంతా నేను లెక్కపెట్టుకున్నవి నేను తిన్న మామిడిపళ్ళు. ఇంత చదువు చదివి, పితృస్వామ్యం మీద ఇన్ని వ్యాసాలు రాసి, చివరికి నేనూ ఆ డాక్టరుగారి ప్రశ్నకే జవాబు వెతుక్కుంటున్నాను! మర్నాడు మధ్యాహ్నానికి పాపను ఇచ్చేశారు. పాలు తాగింది, బాగానే ఉంది. నేనే బాగా లేను. కానీ అది ఎవరి కేసు షీటులోనూ లేదు.

ఇక్కడ మన స్త్రీవాద మిత్రులతో కూడా ఒక తగాదా ఉంది. నా అనుభవం చెప్పినప్పుడు ఒకరిద్దరు మిత్రులు "అసలు ఇదంతా గర్భాన్ని జబ్బుగా మార్చే వైద్య వ్యాపారం, మా అమ్మమ్మలకి ఏ పరీక్షలున్నాయి?" అన్నారు. తెలంగాణలో జరిగే కాన్పుల్లో నూటికి 60కి పైగా సిజేరియన్లేనని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) తేల్చాక ఆ అనుమానం సహజమే. 'షుగరుంది కాబట్టి ఆపరేషన్ తప్పదు' అన్నమాట ఎన్ని ఆసుపత్రుల్లో వినడంలేదు! అదుపులో ఉన్న షుగరు ఒక్కటే కోతకు కారణం కానక్కర్లేదు. కానీ వ్యాపారం మీద కోపంతో పరీక్షనే కాదంటే నష్టపోయేది మళ్ళీ మనమే. 2005లో వెయ్యిమంది గర్భిణులతో చేసిన ఆస్ట్రేలియా పరిశోధన వచ్చింది. మామూలు సంరక్షణలో ఉన్న తల్లుల పిల్లల్లో నూటికి 4గా ఉన్న తీవ్రమైన ప్రమాదాలు, చికిత్స అందిన తల్లుల పిల్లల్లో 1కి తగ్గాయి. మూడు నెలల తర్వాత చూస్తే చికిత్స అందిన తల్లుల్లో కుంగుబాటు కూడా తక్కువే ఉంది. అమ్మమ్మలకి పరీక్షలు లేని మాట నిజమే. వాళ్ళ పురిటి గదుల్లో పోయిన బిడ్డలకూ, తల్లులకూ కూడా లెక్కలు లేవు.

కాబట్టి పరీక్ష వద్దనడం కాదు మన రాజకీయం. పరీక్ష ఎవరి కోసం, ఎప్పటిదాకా అని అడగడం మన రాజకీయం.

ఈ జబ్బు చరిత్రలోనే దానికో మంచి ఉదాహరణ ఉంది. 1964లో బోస్టన్‌లో ఒ'సల్లివన్, మాహన్ అనే ఇద్దరు పరిశోధకులు 752 మంది గర్భిణుల రక్తపరీక్షల ఆధారంగా గర్భిణీ మధుమేహానికి మొదటి కొలతలు తయారుచేశారు. ఆ గీత దేనికోసం గీశారనుకుంటున్నారు? బిడ్డకేమవుతుందో చెప్పడానికి కాదు. ఆ స్త్రీకి భవిష్యత్తులో మధుమేహం వస్తుందా అని తెలుసుకోవడానికి! అంటే పుట్టుకలో ఈ పరీక్ష తల్లి గురించిన ప్రశ్న. తర్వాత్తర్వాత అది బిడ్డ గురించిన ప్రశ్నగా మారింది. 2008లో తొమ్మిది దేశాల్లో, 15 కేంద్రాల్లో, 23 వేలకు పైగా గర్భిణుల మీద జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలొచ్చాయి. తల్లి చక్కెర పెరిగేకొద్దీ బిడ్డకు చిక్కులు మెల్లగా పెరుగుతూనే పోతాయి తప్ప, 'ఇక్కడిదాకా క్షేమం, ఇక్కడినుంచి ప్రమాదం' అనే సరిహద్దు ఎక్కడా లేదని అది చెప్పింది. 2010లో అంతర్జాతీయ నిపుణులు ఆ లెక్కలతోనే కొత్త గీత గీశారు. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని తీసుకుంది. ఆ తొమ్మిది దేశాల్లో మన దేశం లేదు.

ప్రకృతి గీత గీయనప్పుడు, గీసేది మనుషులు. మనుషులు గీసే గీతలో విలువలుంటాయి. మన దేశంలో చెన్నైకి చెందిన డాక్టర్ వి. శేషయ్య, ఆయన సహచరులు ప్రచారం చేసిన పద్ధతి నాకందుకే ఆసక్తి కలిగిస్తుంది. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లో చేరింది అదే. తిని వచ్చినా తినకుండా వచ్చినా సరే, 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత ఒక్కసారి రక్తం చూస్తారు. 140 గానీ, అంతకు మించి గానీ ఉంటే షుగరు ఉన్నట్టు. మొదటిసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మరోసారి. ఈ పద్ధతిలో కొందరు దొరక్కుండా పోతారనే విమర్శ ఉంది, అది కొట్టిపారేయదగ్గదీ కాదు. కానీ ఆ పద్ధతి వెనక ఒక ఎరుక ఉంది. పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చే గర్భిణిని పరగడుపున రమ్మంటే రాలేదు, మళ్ళీ రేపు రమ్మంటే అసలే రాదు. పరీక్షను ఆడవాళ్ళ కాళ్ళ కష్టం కేసి చూసి తయారుచేయడం అరుదుగా జరుగుతుంది. జరిగినచోట గుర్తించాలి.

అదే ఎరుక బిడ్డ పుట్టాక ఏమైపోతోంది? నా ఫిర్యాదు ఇదే.

గర్భిణీ మధుమేహం కాన్పుతో సాధారణంగా తగ్గిపోతుంది. మాయ బయటికొస్తే ఆ హార్మోన్లూ పోతాయి. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఈ జబ్బు వచ్చిన స్త్రీకి తర్వాతి జీవితంలో టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం, రాని వాళ్ళతో పోలిస్తే కనీసం ఏడు రెట్లు ఎక్కువని 2009లో 'లాన్సెట్' పత్రిక ప్రచురించిన సమీక్ష చెప్పింది. 2020లో 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో వచ్చిన సమీక్ష దాన్ని దాదాపు పది రెట్లకు పెంచింది. అందుకే కాన్పయిన ఆరు వారాలకు తల్లికి మళ్ళీ గ్లూకోజు పరీక్ష చేయాలని మన ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే ఉంది. ఆ తర్వాత కూడా చూసుకుంటూ ఉండాలి. ముందే తెలిస్తే ఆపుకోగలిగిన జబ్బు ఇది. గతంలో గర్భిణీ మధుమేహం వచ్చి, షుగరు అంచున ఉన్న స్త్రీల మీద అమెరికాలో చేసిన పరిశోధన ఫలితాలు 2008లో వచ్చాయి. ఆహారం, వ్యాయామాల మార్పుతో గానీ, మెట్‌ఫార్మిన్ బిళ్ళలతో గానీ మూడేళ్ళలో మధుమేహం దాదాపు సగానికి తగ్గింది. బిడ్డకు పాలివ్వడం కూడా తల్లికి కొంత రక్షణే.

ఆరు వారాలు. అంటే నెలన్నర. ఆ రోజు ఇంకేం జరుగుతుందో పిల్లల్ని కన్న ప్రతివాళ్ళకీ తెలుసు. బిడ్డకు నెలన్నర టీకా! ఆ తేదీ ఎవ్వరూ మర్చిపోరు. కార్డులో రాసి ఉంటుంది. ఆశా కార్యకర్త గుర్తుచేస్తుంది. అమ్మమ్మ గుర్తుచేస్తుంది. ఎండలో గుడ్డ కప్పి బిడ్డను ఎత్తుకుని తల్లే వెళ్తుంది. ఒకే రోజు, ఒకే భవనం. బిడ్డకు సూది వేసి పంపిస్తారు. ఎత్తుకొచ్చిన తల్లి రక్తం మాత్రం ఎవరూ చూడరు!

నాకు జరిగింది ఇదే. నేను పురుడు పోసుకున్నది పుట్టింటి ఊళ్ళో. షుగరు కనిపెట్టింది అత్తవారి ఊళ్ళో. ఈ ఆసుపత్రి కాగితాలు ఆ ఆసుపత్రికి తెలియవు. నాకిచ్చిన డిశ్చార్జి కాగితంలో పాప టీకాల తేదీలన్నీ ఉన్నాయి, నా పరీక్ష గురించి ఒక్క ముక్క లేదు. మూడు నెలలపాటు వారం వారం నా వేళ్ళు గుచ్చి చూసిన వ్యవస్థ, పాప బయటికి రాగానే నా మొహం చూడ్డం మానేసింది. పాపకు పద్నాలుగో నెలలో, ఒక వ్యాసం కోసం ఏదో చదువుతూ ఈ ఆరు వారాల సంగతి తెలుసుకుని, నా అంతట నేను వెళ్ళి పరీక్ష చేయించుకున్నాను. షుగరు అంచున ఉన్నాను. డాక్టరేటు ఉన్న నాకే ఇది తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఇప్పుడు రెండో నమ్మకం. తిండి ఆమె ఇష్టం అన్నది. నా పక్కన ల్యాబు బెంచీ మీద కూర్చున్న ఒకామె చేతిలోనూ నాకిచ్చిన డైటు చార్టే ఉంది. ఓట్సు, గోధుమ రొట్టె, రెండు కప్పుల కూర, గుప్పెడు మొలకలు. బిల్డింగు పనికి వచ్చి ఊళ్ళో స్థిరపడిన కుటుంబం ఆమెది. చార్టు చదివి వినిపిస్తే నవ్వింది. "అన్నం తక్కువ తిని కూర ఎక్కువ తినమన్నరక్కా. కూర మిగిల్తె గద!" అంది.

గర్భిణుల పోషణ మీద నేను చదివిన చాలా వ్యాసాల్లో లేని సంగతి ఆ రెండు వాక్యాల్లో ఉంది. అందరూ తిన్నాక తినే మనిషికి గిన్నెలో మిగిలేది అన్నం, చారు, పచ్చడి, మజ్జిగ. పప్పు, కూర, గుడ్డు అంతకుముందే అయిపోతాయి. ఆమె పళ్ళెంలో పిండిపదార్థం ఎక్కువైంది ఆమె జిహ్వచాపల్యం వల్ల కాదు, వరసలో ఆఖరిది కావడం వల్ల. రేషను దుకాణం దశాబ్దాల పాటు తెల్లబియ్యం ఇచ్చి, జొన్న, రాగి, కొర్రలు మన పళ్ళేల్లోంచి పోయి, అవే ఇప్పుడు సూపర్ మార్కెట్లో బియ్యం కన్నా ఖరీదై కూర్చున్నాక, 'చిరుధాన్యాలు తినండి' అనే సలహా ఎవరికి? 'భోజనం చేశాక అరగంట నడవండి' అంటారు. రాత్రి తొమ్మిదింటికి ఏ కోడలు ఏ వీధిలో నడుస్తుంది? ఆమెకు వేరే వండాలంటే ఆ వంట చేసేది మళ్ళీ ఆమే. ఇన్సులిన్ రాసిస్తే, ఫ్రిజ్ లేని ఇంట్లో నీళ్ళకుండ పక్కన చల్లగా దాచుకోవాల్సిందీ ఆమే. చార్టు రాసేవాళ్ళు చక్కెరను కొలిచారు. వంటింటిని కొలవలేదు.

మూడో నమ్మకం అన్నిటికన్నా సున్నితమైనది, ఇప్పుడు దానికి విజ్ఞానశాస్త్రం వేషం కూడా దొరికింది. గర్భిణీ మధుమేహం ఉన్న తల్లుల పిల్లల్లో కొవ్వు, ఇన్సులిన్ నిరోధకత ఎక్కువని మైసూరులో పిల్లల్ని తొమ్మిదిన్నరేళ్ళ వయసు దాకా పరిశీలించి 2010లో ప్రచురించారు. విలువైన పరిశోధన. కానీ ఇలాంటివి వార్తగా మారేటప్పటికి 'తల్లి చక్కెర – బిడ్డకు శాపం' అయిపోతుంది. 2014లో 'నేచర్' పత్రికలో సారా రిచర్డ్‌సన్ తదితరులు 'తల్లుల్ని నిందించకండి' అని రాయాల్సి వచ్చింది ఇందుకే. కథను తల్లి దగ్గర ఎందుకు మొదలుపెట్టాలి? ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. పుణె చుట్టుపక్కల పల్లెల్లో డాక్టర్ యాజ్ఞిక్ బృందం చేసిన అధ్యయనంలో పుట్టిన బిడ్డల సగటు బరువు సుమారు 2.7 కిలోలు. ఇంగ్లండులోని సౌతాంప్టన్ బిడ్డలది దాదాపు 3.5. కండ, అవయవాలు చిన్నవి, కొవ్వు మాత్రం అంత తగ్గలేదు. చూడ్డానికి బక్క, లోపల కొవ్వు. ఇలా తక్కువ బరువుతో పుట్టినవాళ్ళకు పెద్దయ్యాక మధుమేహం ముప్పు ఎక్కువ. అలా పుట్టిన ఆడపిల్ల, అన్నదమ్ముల తర్వాత తిని, రక్తహీనతతో పెరిగి, తానే గర్భవతి అయినప్పుడు ఆమె క్లోమం అదనపు బరువు మోయలేకపోతే, ఆ నేరం ఎవరిది? ఆమెదా? ఆమె తల్లిదా? ఆడపిల్ల పళ్ళెంలో తరాలుగా కోత పెట్టిన ఇంటిదా, ఊరిదా, రాజ్యానిదా?

మన సాహిత్యం ఇక్కడ ఏం చేస్తోంది? కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' రాశారు. పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' రాశారు. స్త్రీశక్తి సంఘటన 'సవాలక్ష సందేహాలు' తెచ్చి, మన శరీరం గురించి మన భాషలో మాట్లాడుకోవచ్చని చూపించింది. ఆ ధైర్యానికి వారసులం మనం. కానీ ప్రసవ వేదన మీద రాసినంతగా ప్రసవం తర్వాతి శరీరం మీద రాయలేదు. నొప్పికి కవిత్వం ఉంది. నొప్పి లేకుండా, చప్పుడు లేకుండా రక్తంలో పెరిగే జబ్బుకు లేదు. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021 అంచనా ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరు కాన్పుల్లో ఒకటి, ఏదో ఒక రకంగా చక్కెర పెరిగిన తల్లిదే. ఇంతమంది మన కథల్లో ఎక్కడున్నారు? మన విమర్శలో ఎక్కడున్నారు? ఇది డాక్టర్ల విషయమని వాళ్ళకే వదిలేశాం. వాళ్ళేమో బిడ్డ పుట్టగానే తల్లిని వదిలేశారు.

నేను అడుగుతున్నవి గొంతెమ్మ కోరికలు కావు. బిడ్డ టీకా కార్డు మీదే, నెలన్నర గడిలోనే, తల్లి గ్లూకోజు పరీక్షకు కూడా ఒక గడి ఉండాలి. టీకా వేసే రోజే, వేసే చోటే ఆ పరీక్ష చేయాలి. పుట్టింటికి వెళ్ళినా అత్తింటికి వెళ్ళినా ఆ కాగితం ఆమె వెంటే ఉండాలి. టీకా వేయించినందుకు లెక్క రాసుకునే ఆశా కార్యకర్తకు తల్లి పరీక్షకు కూడా పారితోషికం ఇవ్వాలి, ఆమె పనీ ఊరికే రాదు కదా. రెండు గంటలు కూర్చోవడానికి నీడ, మంచినీళ్ళు, బిడ్డకు పాలివ్వడానికి ఒక మూల ఉండాలి. డైటు చార్టు ఆమె చేతికి ఒక్కదానికే ఇవ్వకుండా, భర్తనీ అత్తగారినీ కూర్చోబెట్టి చెప్పాలి. ఆమె ముందుగా తినాలని ఆ చార్టులో మొదటి వాక్యంగా రాయాలి.

ఇవి జరిగేలోపు మనం చేయగలిగింది ఒకటుంది. మీ ఇంట్లో, మీ కాలేజీలో, మీ వీధిలో నెలల బిడ్డతో ఎవరైనా ఎదురైతే బిడ్డ బరువెంత, ఎవరి పోలిక అని అడుగుతాం కదా! ఆ రెండిటి తర్వాత ఇంకొకటి కూడా అడగండి. ఏం తిన్నావని కాదు. "కడుపుతో ఉన్నప్పుడు నీకు షుగరు వచ్చిందా? మళ్ళీ చూపించుకున్నావా?" అని. నన్ను ఎవరో ఒకరు అలా అడిగి ఉంటే పద్నాలుగు నెలలు పట్టేది కాదు.